రక్షకుడి కోసం ఎదురుచూసిన కంపెనీ

1970 నాటి మాట. జపాన్ నుంచి ఓడల్లో అమెరికా చేరిన కొత్త స్పోర్ట్స్ కారు మీద 'ఫెయిర్‌లేడీ' అన్న పేరు మెరుస్తోంది. కంపెనీ అధ్యక్షుడు కత్సుజి కవమతా ముచ్చటపడి పెట్టిన పేరది. 'మై ఫెయిర్ లేడీ' సంగీత నాటకం చూసి మురిసిపోయి తమ స్పోర్ట్స్ కార్లకు ఆ పేరు తగిలించాడు. అమెరికాలో కంపెనీ అమ్మకాలు చూస్తున్న యుటాకా కతయామాకి అది అస్సలు మింగుడుపడలేదు. గుర్రంలాంటి బండికి ఈ పేరేమిటి అనుకున్నాడు. ఆ అక్షరాలు పీకించేసి, వాటి చోట '240జడ్' అని బిగించాడు. పైవాళ్లకు కోపం వస్తుందని తెలిసే చేశాడు.

ఆ కంపెనీ నిస్సాన్. అమెరికాలో అప్పటికి దాని కార్ల పేరు డాట్సన్. 240జడ్ కోసం షోరూముల ముందు జనం వరస కట్టారు. అంతకుముందే వచ్చిన డాట్సన్ 510కి 'పేదవాడి బీఎండబ్ల్యూ' అని పేరొచ్చింది. కతయామాని అమెరికన్లు 'మిస్టర్ కె' అని పిలుచుకున్నారు. కంపెనీ మాత్రం 1977లో ఆయన్ని స్వదేశానికి పిలిపించి పక్కన కూర్చోబెట్టింది. అక్కడితో ఆగిందా! ఆయన ఊరూరా తిరిగి నిలబెట్టిన డాట్సన్ పేరునే 1980లలో చెరిపేసి, అన్నిటికీ నిస్సాన్ అనే పేరే ఉండాలంది. అమెరికన్ కొనుగోలుదారుకు తెలిసిన పేరు పోయింది, తెలియని పేరు వచ్చింది.

నిస్సాన్ కథ చదువుతున్నప్పుడల్లా నాకు కతయామా, కవమతా, ఈ ఇద్దరే కళ్ల ముందు నిలబడతారు. బండిని చూసే మనిషి, కుర్చీని చూసే మనిషి. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండోవాడిదే పైచేయి. కష్టమొచ్చిన ప్రతిసారీ కుర్చీలో మనిషిని మార్చారు, ఒక ఫ్యాక్టరీ మూశారు, షెడ్డులో బండి సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

యోషిసుకె అయికవా 1933లో యోకొహామాలో పెట్టిన కంపెనీ ఇది. 1935 కల్లా అసెంబ్లీ లైను మీద డాట్సన్ కార్లు దిగాయి. యుద్ధం ముగిశాక, 1947లో, పారిశ్రామిక బ్యాంకు నుంచి వచ్చి చేరినవాడు కవమతా. బ్యాంకు మనిషి. 1953లో వంద రోజులపాటు నడిచిన కార్మిక పోరాటాన్ని అణచి, యాజమాన్యంతో సర్దుకుపోయే రెండో యూనియన్‌ని నిలబెట్టడంలో ఆయన చెయ్యి పెద్దది. ఆ యూనియన్ నుంచే ఎదిగాడు ఇచిరో షియోజి. రానురాను షియోజి మాట లేకుండా కంపెనీలో ఆకు కదలని పరిస్థితి వచ్చింది. 1977లో అధ్యక్షుడైన తకాషి ఇషిహారాకి, షియోజికి ఏళ్ల తరబడి కుస్తీ. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ పెట్టాలా వద్దా అన్నది కూడా ఆ కుస్తీలో భాగమే. సండర్‌లాండ్ ఫ్యాక్టరీ 1986లో తెరుచుకుంది, అదే ఏడాది షియోజి పదవి ఊడింది. ఇద్దరిలో ఎవరు గెలిచారన్నది అక్కర్లేదు. వాళ్లు అలా పెనుగులాడుతున్నంత సేపూ టయోటా, హోండా తలవంచుకుని కార్లు చేసుకున్నాయి.

అలాగని ఇంజినీర్లు లేరా? ఉన్నారు, ఉద్దండులు ఉన్నారు. 1966లో ప్రిన్స్ అనే కంపెనీని కలుపుకున్నప్పుడు దాంతోపాటు స్కైలైన్ కారు, దాన్ని తీర్చిదిద్దిన షినిచిరో సకురాయి లాంటివాళ్లు నిస్సాన్‌కి దక్కారు. 1989లో వచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ రేసు మైదానంలో ఎదురులేకుండా తిరిగింది. ఆ ఏడాది తలచుకుంటే, ఈ కంపెనీకి ఇలాంటి గతి పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

జపాన్ ఆర్థిక బుడగ పగిలాక అసలు రంగు బయటపడింది. 1990లలో దాదాపు ఏటా నష్టమే. 1995లో జామా ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆపేశారు. జపాన్‌లో ఒక పెద్ద కార్ల కంపెనీ ఫ్యాక్టరీ మూయడమంటే అప్పట్లో దేశమంతా ఉలిక్కిపడిన వార్త. అప్పు 2 లక్షల కోట్ల యెన్‌ల దాకా పెరిగింది. అధ్యక్షుడు యోషికజు హనావా డైమ్లర్-క్రైస్లర్ గడప తొక్కాడు. 1999 మార్చిలో వాళ్లు కుదరదన్నారు. అదే నెల 27న ఫ్రాన్స్ కంపెనీ రెనో 36.8 శాతం వాటా తీసుకుంది. ఆ డబ్బుతోపాటు ఒక మనిషినీ పంపింది.

కార్లోస్ ఘోన్. బ్రెజిల్‌లో పుట్టి, లెబనాన్‌లో పెరిగి, ఫ్రాన్స్‌లో చదివినవాడు. ఖర్చులు నరకడంలో అప్పటికే పేరు మోసినవాడు. 1999 అక్టోబర్ 18న తన పథకం చదివాడు: ఐదు ఫ్యాక్టరీల మూత, 21,000 ఉద్యోగాల కోత, సరఫరా కంపెనీలతో తరాలుగా ఉన్న వాటాల బంధాలకు తెగతెంపులు. చెప్పిన గడువుకు లాభాలు రాకపోతే నేనూ నా బృందమూ వెళ్లిపోతామన్నాడు. 1999లో 68 వేల కోట్ల యెన్‌లు దాటిన నష్టం, మరుసటి ఆర్థిక సంవత్సరానికి 33 వేల కోట్ల లాభమైంది. జపాన్‌లో ఆయన మీద బొమ్మల కథ కూడా వచ్చింది, మాంగా. కంపెనీ పెద్దని కథానాయకుణ్ణి చేసిన దేశం అంతకుముందు తనకు అలవాటు లేని నమ్మకం ఒకటి నేర్చుకుంది: ఒక్క మనిషి వస్తే చాలు, అన్నీ చక్కబడతాయి.

ఆ లాభం చూసి చప్పట్లు కొట్టినవాళ్లకు మురయామా కనిపించలేదు. ప్రిన్స్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ, స్కైలైన్ తయారైన చోటు. 2001లో లైను ఆగిపోయింది. ఆ స్థలంలో పెద్ద భాగం తర్వాత ఒక బౌద్ధ సంస్థ కొనుక్కుంది.

న్యాయంగా చెప్పుకోవాలి, ఘోన్ మొదటి ఏళ్లలో బండిని మరచిపోలేదు. ఇసుజు నుంచి షిరో నకమురాని తెచ్చి డిజైన్ అప్పగించాడు. జడ్ కారుకు మళ్లీ ప్రాణం పోశాడు. 2010 డిసెంబర్లో లీఫ్ విద్యుత్ కారు వచ్చినప్పుడు టెస్లా మోడల్ ఎస్ ఇంకా రోడ్డెక్కలేదు. ప్రపంచమంతా పదేళ్ల తర్వాత పరుగెత్తిన దారిలో నిస్సాన్ ముందే నడిచింది. ఆ ముందంజ చేజారిపోవడమే ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

ఎలా చేజారింది? 2011లో 'పవర్ 88' అని ఒక లక్ష్యం పెట్టారు. ప్రపంచ మార్కెట్‌లో 8 శాతం వాటా, 8 శాతం లాభం. అమెరికాలో వాటా పెంచుకోవడానికి డీలర్లకు ప్రోత్సాహకాలు, కొనేవాళ్లకు భారీ తగ్గింపులు, అద్దె కార్ల కంపెనీలకు టోకు అమ్మకాలు. అంకెలు లేచాయి. 2017 ఆర్థిక సంవత్సరంలో 57.7 లక్షల బండ్లు అమ్మి శిఖరం తాకారు. విత్తనపు గింజలు వండుకు తిన్న రైతు ఇంట్లో ఆ పూట విందే! తగ్గింపు లేకపోతే నిస్సాన్ కొననక్కర్లేదని కొనుగోలుదారుకు కంపెనీయే నేర్పింది. పాత కార్లుగా వాటి ధర పడిపోయింది. లాభం సన్నబడేసరికి కొత్త మోడళ్లు వాయిదా పడ్డాయి. షోరూములో వయసుమళ్లిన బండ్లు మిగిలాయి.

మన రోడ్ల మీద కూడా ఆ రోజుల గుర్తు ఒకటి ఉంది. కతయామా ప్రాణంగా చూసుకున్న డాట్సన్ పేరును దాదాపు ముప్పయ్యేళ్ల తర్వాత తవ్వి తీసి, 2014లో ఇండియాలో చవక కారుకు పెట్టారు. డాట్సన్ గో, నాలుగు లక్షల లోపు ధర. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ చేసిన ఢీకొట్టే పరీక్షలో దానికి సున్నా నక్షత్రాలు వచ్చాయి. ఆ బండిని వెనక్కి తీసుకోమని ఆ సంస్థ అధ్యక్షుడు నేరుగా ఘోన్‌కే లేఖ రాశాడు. 2022లో డాట్సన్ మళ్లీ చచ్చిపోయింది. కతయామా 2015లో, నూట అయిదేళ్ల వయసులో కన్నుమూశాడు. తాను నిలబెట్టిన పేరుకు పట్టిన రెండో చావు చూడలేదు, అది ఆయన అదృష్టం. నిస్సాన్‌తో మనవాళ్ల బంధం అంతకన్నా పాతది, అన్నట్టు. 1980లలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీలు చేశారు. ఆల్విన్ నిస్సాన్ బండి అంటే ఇప్పటికీ తలూపే పెద్దవాళ్లు ఆ దారిలో దొరుకుతారు. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి పోయింది.

ఇక 2018 నవంబర్ 19. ఘోన్ విమానం టోక్యో హనేదాలో దిగింది. ప్రాసిక్యూటర్లు ఆయన్ని అరెస్టు చేశారు. జీతం తక్కువగా చూపించారన్నది మొదటి అభియోగం, తర్వాత మరికొన్ని కలిశాయి. ఆ రాత్రే, ఘోన్ చేతి కింద పెరిగి ఏడాదిన్నర కిందట ఆయన కుర్చీ అందుకున్న హిరోతో సయికవా యోకొహామాలో విలేకరుల ముందు కూర్చుని, ఒక్క మనిషి చేతిలో అధికారమంతా పోగుపడిందని నిందించాడు. అధికారం అలా పోగుపడుతున్న కాలమంతా పక్కన కూర్చున్నది ఆయనే. ఘోన్ మాత్రం నేరమేమీ చేయలేదన్నాడు. రెనోతో విలీనాన్ని ఆపడానికి సొంత కంపెనీవాళ్లే పన్నిన కుట్ర అన్నాడు. ఘోన్‌ని విచారించి ఏది నిజమో కోర్టు తేల్చే అవకాశం రాలేదు. 2019 డిసెంబర్ ఆఖర్లో, బెయిల్ మీద ఉన్న మనిషి సంగీత పరికరాలు పెట్టే పెట్టెలో దాక్కుని, ఒసాకా దగ్గరి కన్సాయి విమానాశ్రయం నుంచి ప్రైవేటు విమానంలో ఎగిరిపోయి, ఇస్తాంబుల్ మీదుగా బీరూట్‌లో తేలాడు. మాంగా గీసినవాళ్లకు కూడా తట్టని ముగింపు.

లోకమంతా ఆ పెట్టె గురించే మాట్లాడుకుంది. యోకొహామాలో మాత్రం కుర్చీలాట మొదలైంది. వాటాల ధరతో ముడిపడిన పారితోషికం తీసుకోవలసినదానికన్నా ఎక్కువ తీసుకున్నట్టు తేలి సయికవా 2019 సెప్టెంబర్లో దిగిపోయాడు. కొద్ది వారాలు తాత్కాలిక అధిపతి. డిసెంబర్ 1న మకోతో ఉచిదా. ఆయన పక్కన మూడో స్థానంలో కూర్చున్న జున్ సెకి నెల తిరక్కుండానే నిడెక్ కంపెనీకి వెళ్లిపోతున్నానన్నాడు. రెండో స్థానంలో ఉన్న మన దేశస్థుడు అశ్వనీ గుప్తా 2023లో తప్పుకున్నాడు. 2019, 2020 ఆర్థిక సంవత్సరాలు రెండూ భారీ నష్టాలే. ఇంత గందరగోళంలో అయిదేళ్ల తర్వాత రోడ్డెక్కవలసిన కారు గురించి ఎవరు తీరిగ్గా ఆలోచిస్తారు?

ఆ అయిదేళ్లూ గడిచాయి. 2024లో అమెరికాలో జనం హైబ్రిడ్లు కావాలన్నారు. జపాన్‌లో ఈ-పవర్ పేరుతో హైబ్రిడ్లు అమ్ముకుంటున్న నిస్సాన్ దగ్గర అమెరికా షోరూములో పెట్టడానికి ఒక్కటీ లేదు. చైనాలో ఒకప్పుడు ఏటా 15 లక్షలు దాటిన అమ్మకాలు 7 లక్షల లోపుకు జారాయి. అక్కడి కంపెనీలు విద్యుత్ కార్లతో ముంచెత్తాయి. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసిన కంపెనీ ఏది? లీఫ్ చేసిన కంపెనీ. 2024 నవంబర్లో 9,000 ఉద్యోగాలు తీసేస్తామని ఉచిదా ప్రకటించాడు, తన జీతం సగం కోసుకున్నాడు. డిసెంబర్ 23న హోండాతో విలీనానికి చర్చలన్నారు. హోండా లెక్కలు చూసుకుని, మా అనుబంధ సంస్థగా రమ్మంది. నిస్సాన్‌కి అభిమానం అడ్డొచ్చింది. 2025 ఫిబ్రవరి 13న ఆ మాటలు ముగిశాయి. ఏప్రిల్ 1న ఉచిదా కుర్చీ ఖాళీ చేశాడు, మెక్సికో నుంచి వచ్చిన ఇవాన్ ఎస్పినోసా కూర్చున్నాడు.

ఎస్పినోసాది ఉత్పత్తుల ప్రణాళిక విభాగం. అంటే ఎన్నో ఏళ్ల తర్వాత బండిని చూసే మనిషి వచ్చాడు. పాపం, ఆయన చదవాల్సి వచ్చిన మొదటి కాగితం కోతలదే. మే 13న నష్టం 67,090 కోట్ల యెన్‌లని చెప్పాడు. 20,000 ఉద్యోగాలు, 17 ఫ్యాక్టరీల్లో 7 పోతాయన్నాడు. ఘోన్ చదివిన కాగితానికి ఇది ఇరవయ్యారేళ్ల తర్వాతి నకలులా ఉంది. అప్పుడు 21,000, ఇప్పుడు 20,000. అమ్మకాలు 33.5 లక్షలకు దిగాయి. చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తన వాటా కూడా కంపెనీ రెనోకే ఇచ్చేసింది. ఆగస్టులో తొచిగి ఫ్యాక్టరీ నుంచి ఆఖరి ఆర్35 జీటీ-ఆర్ బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్లపాటు ఒకే రూపంతో నెట్టుకొచ్చిన కారది.

అంతకు ముందు నెలలోనే, జులై 15న, ఒప్పామా వంతు వచ్చింది. యోకొసుకాలో పాత నౌకాదళ విమానాశ్రయం నేల మీద 1961లో కట్టిన ఫ్యాక్టరీ. బ్లూబర్డ్ నుంచి మొదటి లీఫ్ దాకా కోటీ డెబ్బై లక్షలకు పైగా బండ్లు అక్కడ పుట్టాయి. 2028 మార్చితో తయారీ ఆపేసి, ఆ పని దేశానికి పడమటి కొసన ఉన్న క్యుషు ఫ్యాక్టరీకి మారుస్తామన్నారు. లైను మీద పనిచేసే సుమారు 2,400 మందికి అప్పటిదాకా పని ఉంటుంది. ఆ తర్వాత ఏమిటన్నది యూనియన్‌తో మాట్లాడి చెబుతామన్నారు. ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని అక్కడి బళ్లలో వేసినవాళ్లు మూడేళ్లలోపు తేల్చుకోవాలి. నవంబర్లో కంపెనీ యోకొహామాలోని తన ప్రధాన కార్యాలయ భవనాన్ని కూడా సుమారు 9,700 కోట్ల యెన్‌లకు అమ్మేసి, అందులోనే అద్దెకు దిగింది. ఒప్పందం 20 ఏళ్లకు రాసుకున్నారు.