కరువు పనిలో లేచిన గోపురం

2024 డిసెంబరు 25తో మెదక్ చర్చికి వందేళ్లు పూర్తయ్యాయి. హైదరాబాద్‌లోని మోతీనగర్ నుంచి బాలానగర్ మీదుగా, నర్సాపూర్ అడవి దాటుకుని వెళ్తే వంద కిలోమీటర్ల లోపే. 175 అడుగుల గోపురం ఊరికి దూరం నుంచే కనిపిస్తుంది.

మెదక్ పాత చరిత్రంతా కొండ మీది ఖిల్లాదే. కాకతీయుల నాటిదంటారు. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు ఏలారు. ఆ శతాబ్దాలలో చరిత్రకెక్కింది ఏలినవారే, రాళ్లు మోసినవారు కాదు. చర్చి కథలో మాత్రం ఆ మోసినవారే ముందుంటారు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ ఇక్కడికి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ ప్రాంతాన్ని కరువు పట్టుకుంది. పనుల్లేవు, గింజల్లేవు. ఆకలితో వచ్చినవారికి ఒక పూట గంజి పోసి పంపితే మర్నాడు మళ్లీ ఆకలే. పాస్నెట్ వాళ్లకు పని చూపించారు. చేసిన పనికి తిండి దొరికింది. చేయి చాచాల్సిన అవసరం తప్పింది. రాయి కొట్టారు, మట్టి ఎత్తారు, గోడలు లేపారు. పదేళ్లు పట్టింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది.

200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఒకేసారి ఐదు వేల మంది ప్రార్థనకు కూర్చోవచ్చు. గోథిక్ తీరు కమాన్ల కింద నిలబడితే తల దానంతటదే పైకి లేస్తుంది. నేల మీది రంగుల పలకలు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి, వాటిని పరిచింది ఇటలీ పనివారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన రంగుటద్దాల కిటికీలు మూడు. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. బయటి ఎండ పడితేనే వాటి రంగులు పలుకుతాయి. అందుకే పొద్దుండగానే వెళ్లాలి.

ఆ కిటికీలు ఒక్కొక్కటీ వచ్చేలోపు నిజాం రాజ్యం పోయింది, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది, మెదక్ అధ్యక్ష మండలానికి ఇదే ప్రధానాలయమైంది. రాష్ట్రాలు మారాయి, జిల్లా హద్దులూ మారాయి. ఇప్పుడు క్రిస్మస్‌కు అన్ని మతాలవారూ వస్తారు, మొక్కులు చెల్లిస్తారు, ఫొటోలు దిగుతారు.

పాస్నెట్ పేరు నిలిచింది, నిలవాల్సిందే. ఆ కరువు పనికి వెళ్లిన తాతమ్మల, ముత్తాతల ముచ్చట్లు మెదక్ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే, చెప్పేవాళ్లు ఉండగానే రాసిపెట్టుకోవాలి. ఈ గోపురానికి వాళ్లూ కర్తలే.