ఇసుకలో పరీక్షించిన మంచు యంత్రం

వాడరేవు వాడికి మంచుతో పనేమిటని నవ్వుకుంటున్నారేమో. నిజమే, మన క్లాసులో ఎవరమూ ఐస్‌ఫ్రూట్ బండిలో తప్ప మంచు చూసినవాళ్ళం కాదు. కానీ ఈ కథలో ఇసుక, రైలుపట్టాలు, పారలు కూడా ఉన్నాయి. మా నాన్న చీరాల సెక్షన్‌లో గ్యాంగ్‌మన్ కాబట్టి ఆ మూడూ నాకు బాగానే తెలుసు.

కొన్నేళ్ళ కిందట ఉద్యోగం పనిమీద కాలిఫోర్నియా వెళ్ళి, ఒక సెలవురోజున శాక్రమెంటోలో రైలెక్కి సియెరా నెవాడా కొండల మీదుగా రీనో దాకా వెళ్ళాను. దారిలో డానర్ కనుమ వస్తుంది. అక్కడ ఏటా సగటున పది మీటర్ల మంచు కురుస్తుంది, అంటే మూడంతస్తుల మేడంత. 1860లలో చైనా కూలీలు కొండలు తొలిచి వేసిన లైను అది. పట్టాలను కాపాడడానికి మైళ్ళ పొడవున కర్ర షెడ్లు కట్టారు. ఇంజను నిప్పురవ్వలకు అవి తగలబడేవి. షెడ్లు లేనిచోట నాగటి కర్రు లాంటి ఇనుప ముక్కును ముందు పెట్టి, వెనక నుంచి ఇంజన్లతో తోయించేవారు. మంచు కొద్దిగా ఉంటే పక్కకు తప్పుకునేది. ఎక్కువైతే పోవడానికి చోటులేక అక్కడే గట్టిపడి గోడయ్యేది. మన ఒడ్డున ఇసుకలోకి పలకను నెట్టి ఆడుకున్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దీనికి ఉపాయం తట్టింది రైల్వే ఇంజనీరుకు కాదు, టొరంటోలోని జె.డబ్ల్యు. ఇలియట్ అనే పళ్ళ డాక్టరుకు. 1869లో ఆయన, మంచును తోయకుండా చక్రంతో కోసి దూరంగా విసిరెయ్యాలని ప్లాను గీశాడు. యంత్రం మాత్రం తయారు కాలేదు. తర్వాత ఆరెంజ్‌విల్‌కు చెందిన ఆరెంజ్ జల్ దాన్ని మెరుగుపరిచి నమూనాలు చేశాడు. కెనడాలో ఉండి కూడా ఆయన వాటిని పరీక్షించింది ఇసుకలో! ఇది చదివిన రోజు నాకు మన ఊరే గుర్తొచ్చింది. 1883-84 శీతాకాలంలో లెస్లీ సోదరులు పూర్తి సైజు యంత్రం కట్టి, కెనడియన్ పసిఫిక్ రైల్వే మీద నడిపి చూపించారు.

రోటరీ అంటే పెట్టె ముందు నిలబెట్టిన పెద్ద చక్రం. దాని రెక్కలు మంచును చెక్కుతూ లోపలికి లాగి, పైన ఉన్న గొట్టంలోంచి చిమ్ముతాయి. నూర్పిడి మిషను పొట్టును ఎగజిమ్మినట్టే. కుడికి చిమ్మాలా, ఎడమకా అనేది ఆపరేటరు చూసుకుంటాడు. ఆవిరి రోజుల్లో పెట్టెలోనే బాయిలరు ఉండేది, కానీ అది చక్రాన్ని తిప్పడానికే. బండిని కదిలించడానికి వెనక వేరే ఇంజను ఉండాల్సిందే. ఈ రెండు పనులూ విడదీయడమే నా దృష్టిలో అసలు తెలివి. చక్రానికి అందినంత మంచే అందిస్తూ మెల్లగా తోయవచ్చు.

అలాగని అది ఓడిపోదని కాదు. 1952 జనవరి 13న సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో రైలు యూబా గ్యాప్ దగ్గర మంచులో కూరుకుపోయింది. అందులో 226 మంది ఉన్నారు. మూడు రోజులు చిక్కుబడ్డారు. రోటరీలూ ఇరుక్కున్నాయి, ఒకదాని మీద మంచు చరియ పడి డ్రైవరు చనిపోయాడు. చివరికి రోడ్డు మీద మంచు తీసి, ప్రయాణికులను అక్కడిదాకా నడిపించి, వాహనాల్లో తీసుకెళ్ళారు.

1977 నవంబరు 19 తుఫాను మనలో చాలామంది మరిచిపోలేనిది. అప్పుడు మా నాన్న ఐదు రోజులు ఇంటికి రాలేదు. పట్టాల మీద పడ్డ తాడిచెట్లు నరికి, పేరుకున్న ఇసుక, బురద ఎత్తిపోశారట. గొడ్డలి, గునపం, పార తప్ప వాళ్ళ దగ్గర ఇంకేమీ లేవు. అమ్మ రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి చూసేది.

ఆయన బతికుండగా ఒకసారి ఫోనులో రోటరీ వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, "ఏరా, మంచులో చెట్టుంటే?" అన్నాడు.

"రెక్కలు విరుగుతాయి నాన్నా. బండి ఆపి మనుషులు దిగి నరకాల్సిందే."

"గొడ్డలితోనేనా?" అని ఫోను నా చేతికిచ్చాడు.