గడువు గల ఎడము: లాక్‌డౌన్ సడలింపును గూర్చి హిమాయత్‌నగర్ మార్గము నుండి ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు నుండి చేవెళ్ళ మీదుగా వికారాబాదుకు, అక్కడినుండి బీజాపూరు వైపునకు పోవు రహదారిలో, మొయినాబాదు మండలమునకు చెందిన హిమాయత్‌నగర్ అను గ్రామమున్నది. నగరము నడుమనున్న హిమాయత్‌నగర్ వేరు, ఇది వేరు. దాపులోనే హిమాయత్ సాగర్ జలాశయము, మరికొంత దూరములో చిలుకూరు బాలాజీ దేవాలయము ఉన్నవి. చుట్టుప్రక్కల పొలములలో కూరగాయలు, పూలు పండును. ఇవి తెల్లవారకముందే బండ్లకెక్కి నగరపు మార్కెట్లకు చేరును. 2020లోను 2021లోను లాక్‌డౌన్ విధించుట, తరువాత మెల్లమెల్లగా సడలించుట అను రెండింటి ఫలితమును ఇటువంటి మార్గము మీది గ్రామములు నగరము కంటె వేరుగా అనుభవించినవి. మూసివేత కాలమును గూర్చి మన సంఘములలో చాలా మాటలు వినబడినవి. తెరచిన కాలమును గూర్చి వినబడినవి తక్కువ. అయితే కాపరులకు నిజముగా చిక్కు తెచ్చినది తెరచిన కాలమే అని మేము భావించుచున్నాము.

మొదట తేదీలు చూచెదము. 2020 మార్చి 22, ఆదివారమున జనతా కర్ఫ్యూ జరిగినది. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. కేంద్ర ప్రభుత్వము దానిని మే 31 వరకు పలుమార్లు పొడిగించినది. మే 30న వెలువడిన ఉత్తర్వు ప్రకారము జూన్ 8, సోమవారము నుండి ప్రార్థనా స్థలములు తెరచుటకు అనుమతి లభించినది. లెక్కించి చూచినయెడల, మార్చి 22 మొదలు జూన్ 7 వరకు పండ్రెండు ఆదివారములు మందిరములలో సామూహిక ఆరాధన లేదు. మట్టల ఆదివారము, ఈస్టరు, పెంతెకొస్తు మూడును ఆ పండ్రెండింటిలోనే గడచిపోయినవి. తెరచిన తరువాతి మొదటి ఆదివారము జూన్ 14.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. వ్యాధి తగ్గినందున తలుపులు తెరువబడలేదు. జూన్ 8 నాటికి తెలంగాణలో నమోదైన కేసులు నాలుగు వేల లోపు. జూలై నెలాఖరునకు అవి అరవై వేలు దాటినవి. అనగా వ్యాధి పెరుగుచున్న వేళనే ఆంక్షలు సడలినవి. కారణము ఆకలి. గుడులు, పెండ్లిండ్లు ఆగిపోయిన ఆ వేసవిలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు పూలు పంపువారి బ్రతుకు ఏమై ఉండునో చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమునకు వివరించి చెప్పనక్కరలేదు. పూలు కోసిన కూలీకి కూలి లేదు, కోయకున్నను లేదు. ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ నిర్మాణమునకు వచ్చిన వలస కార్మికులు తమను ఇండ్లకు పంపుమని రోడ్డెక్కిరి. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుండి జార్ఖండ్‌లోని హటియాకు దేశములోని మొదటి శ్రామిక్ రైలు బయలుదేరినది. అందులో సుమారు 1200 మంది ఉండిరి. 72 మంది పట్టు పెట్టెలో 54 మందిని మాత్రమే కూర్చుండబెట్టిరి. సడలింపు, ఎడము అను రెండు మాటలు ఒకేచోట కలిసిన మొదటి దృశ్యములలో ఇదియొకటి. పెట్టెకు పద్దెనిమిది చోట్లు ఖాళీగా విడుచుటకు రైల్వే శాఖకు స్తోమత ఉన్నది. ఒకే గదిలో ఆరుగురు పడుకొను ఇంటికి అది లేదు. ఎడము పాటించుమని చెప్పుట సులభమే గాని, ఎడమునకు కూడ వెల ఉన్నదని ఆ నెలలు చూపినవి.

జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రార్థనా స్థలములకు నియమములు ప్రకటించినది. ఆరు అడుగుల దూరము, ముఖమునకు మాస్కు, ప్రవేశద్వారము నొద్ద చేతుల శుభ్రత, జ్వర పరీక్ష ఉండవలెను. విగ్రహములను, గ్రంథములను తాకరాదు. ప్రసాదము పంచుట, తీర్థము చల్లుట వంటివి కూడదు. అరువది అయిదు ఏండ్లు దాటినవారు, పది ఏండ్లలోపు పిల్లలు, గర్భిణులు, ఇతర వ్యాధులున్నవారు ఇంటియొద్దనే ఉండుట మేలు. గాయక బృందములు పాడరాదు, ధ్వనిముద్రిత సంగీతము వినిపించవచ్చును. ఈ చివరి నియమము మన సంఘములకు కష్టముగా తోచినది. గ్రామ సంఘములో పాట లేని ఆరాధన ఉప్పు లేని కూర వంటిది. అయితే అది ఊరక పెట్టిన నియమము కాదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునందు స్కాజిట్ అను ప్రాంతములో ఒక గాయక బృందము సాధనకు కూడినది. హాజరైన 61 మందిలో 53 మందికి వ్యాధి సోకినట్లు నిర్ధారణయైనది లేక బలముగా భావింపబడినది. ఇద్దరు మరణించిరి. గొంతెత్తి పాడునప్పుడు నోటి తుంపరలు, సూక్ష్మ కణములు ఎక్కువగా వెలువడునని వైద్యులు దీనినిబట్టి హెచ్చరించిరి.

ఇక మాటను గూర్చి. ప్రభుత్వ ప్రకటనలలోను టీవీలోను ఎడతెగక వినబడిన పదము ‘సామాజిక దూరము’. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ఆ మాటకు బదులు ‘భౌతిక దూరము’ అను మాట మేలని సూచించినది. వారి ఉద్దేశము వేరు; శరీరములు దూరముగా ఉన్నను మనుష్యుల మధ్య బంధములు తెగరాదని. తెలుగు సంఘమునకు దీనికంటె లోతైన కారణమున్నది. మన భాషలో ‘అంటువ్యాధి’ అను మాటలోను ‘అంటరానితనము’ అను మాటలోను ఉన్నది ఒకే ‘అంటు’. ఈ రాష్ట్రములోని గ్రామ సంఘములలో అధిక భాగము మాల మాదిగ వాడలలో పుట్టినవి. ఆ వాడలు ఊరి వెలుపలనే ఎందుకున్నవో మనకు తెలియును. బావి నుండి దూరము, గుడి నుండి దూరము, హోటలులో వేరు గ్లాసు. సామాజిక దూరము అను పేరు పెట్టకుండగనే తరతరములు దానిని పాటింపజేసిరి. అట్టి జనులు ఒకే బల్లయొద్ద కూర్చుండి, ఒకే పాత్రలోనిది త్రాగుట సువార్త చేసిన పని. ఆ బల్లయొద్దకే తిరిగి ‘దూరముగా నిలువుడి, ముట్టకుడి’ అను మాట వచ్చినప్పుడు పెద్దవారికి కలిగిన నొప్పిని అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. ఎడము పాటించుట అవసరమే. కాని ఈ ఎడము ఆ ఎడము కాదని సంఘమునకు ఎవరు చెప్పవలెను, ఏ ఆధారముతో చెప్పవలెను?

ఆధారము లేవీయకాండము 13, 14 అధ్యాయములలో ఉన్నదని మేము తలంచుచున్నాము. అక్కడ కుష్ఠు అని అనువదింపబడినది నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదని పండితులు అంగీకరించిన విషయము. ఆ అధ్యాయములను మనము సాధారణముగా వెలివేతను గూర్చిన భాగములుగా చదువుదుము. అయితే పదునాలుగవ అధ్యాయము ప్రధానముగా తిరిగివచ్చుటను గూర్చినది. రోగి పాళెములోనికి రాకముందే యాజకుడు పాళెము వెలుపలికి వెళ్ళి పరీక్షింపవలెను. బాగుపడినవాడు స్నానము చేసి, బట్టలు ఉదుకుకొని పాళెములోనికి వచ్చును గాని ఏడు దినములు తన గుడారమునకు వెలుపలనే ఉండవలెను (14:8). ఏడవ దినమున మరల శుద్ధి. ఎనిమిదవ దినమున ప్రత్యక్షపు గుడారము నొద్ద అర్పణ. అర్పణకు శక్తి లేని బీదవానికి తక్కువ అర్పణ చాలునని వేరుగా చెప్పబడినది (14:21). ఇది దశలవారీ సడలింపు కాక మరేమి? మొదట ఊరు, తరువాత ఇల్లు, చివరకు ఆరాధన. ప్రతి దశకు గడువున్నది, పరీక్షించువాడున్నాడు, బీదవానికి వెసులుబాటున్నది. మిర్యాము ఏడు దినములు వెలుపల ఉండగా ప్రజలు ప్రయాణము సాగింపక ఆమె కొరకు ఆగిరి (సంఖ్యా. 12:15). కులపు ఎడమునకు ఇటువంటి గడువు ఎన్నడును లేదు. పరీక్షించి ‘ఇక రమ్ము’ అని చెప్పు యాజకుడు దానికి లేడు. రెంటికిని భేదము ఇదియే.

గడువు చెల్లిన తరువాత కూడ ఎడము మిగిలిపోవు ప్రమాదమున్నదని తెలంగాణ క్రైస్తవ చరిత్రయే చెప్పుచున్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగులకు వైద్యశాల స్థాపించిరి. స్థానికుడైన రాజా నర్సా గౌడ్ దానికి ధనసహాయము చేసెను. ఆ కాలములో అడవిబాదము నూనె ఇంజెక్షన్లు ఇచ్చుచుండిరి. తరువాతి దశాబ్దములలో మంచి మందులు వచ్చినవి, రోగులు స్వస్థులైరి. వైద్యుడు పొమ్మన్నను రమ్మను ఊరు చాలామందికి దొరకలేదు. చట్టము సంగతి చూడుడి: 1898 నాటి కుష్ఠురోగుల చట్టము రద్దయినది 2016లో. కుష్ఠును విడాకులకు కారణముగా చెప్పు నిబంధన మన క్రైస్తవ వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో 2019 వరకు ఉండినది. వివాహములు జరిపించు కాపరులలో ఎందరు దీనిని గమనించిరో!

ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా కాలములను గూర్చి కొద్దిగా. ప్లేగు వచ్చినప్పుడు దక్కను గ్రామములలో జనులు ఇండ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసుకొనెడివారు. నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రిని పెద్దలు నేటికిని ‘కోరంటి దవాఖాన’ అందురు. క్వారంటైన్ అను మాట మన నోట అట్లు నలిగినది. 1911లో 1,33,74,676గా ఉన్న హైదరాబాదు సంస్థాన జనాభా 1921లో 1,24,71,770కు తగ్గినది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దీనికి ముఖ్య కారణము. మెదకు దేవాలయ నిర్మాణము అప్పటికి సగములో ఉన్నది. ఆ నష్టమును గూర్చి మన సంఘ చరిత్రలలో ఇంకను వెదకవలసినది చాలా ఉన్నది.

2020కి తిరిగి వచ్చెదము. ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక క్రైస్తవ వైద్యుని సమాధి చేయనీయక జనులు రాళ్ళు రువ్విరి. ఆ రాత్రియే తోటి వైద్యుడు చేతులతో మన్ను వేసి పాతిపెట్టవలసి వచ్చినది. ఆయన భార్య కోరిన శ్మశానములో తిరిగి సమాధి చేయుటకు హైకోర్టు అనుమతి 2021 మార్చి 31న గాని రాలేదు. నిజాముద్దీన్ సమావేశము తరువాత ముస్లిములందరిని వ్యాధికి మారుపేరుగా చూచినవారిలో మన సంఘస్థులు కూడ లేకపోలేదు. దీనిని ఒప్పుకొనుట మంచిది. వ్యాధి నుండి ఎడము మనుష్యుల నుండి ఎడముగా మారుటకు వారము దినములు కూడ పట్టలేదు.

జూన్ 8న అనుమతి రాగానే తలుపులు తెరచిన సంఘములున్నవి, ఇంకను కొంతకాలము ఆగినవి కూడ ఉన్నవి. ఆగినవారిని విశ్వాసహీనులని, తెరచినవారిని మూర్ఖులని ఆనాడు నిందించుకొనిరి. 1527లో లూథరు ప్లేగును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ లేఖలో రెండు వైపులకును జవాబున్నది: తన అవసరము లేని చోటికి పోక దూరముగా ఉండుట దేవుని శోధింపకుండుటయే, పొరుగువానికి తన అవసరమున్నప్పుడు మాత్రము వెనుదీయరాదు. కొలత పొరుగువాని అవసరమే. చిన్న మందిరములో యాభై మంది పట్టుచోట ఇరువదిమందిని కూర్చుండబెట్టి, ఆరాధనను రెండు మూడు వరుసలుగా జరిపి, రాలేని వృద్ధులను ఫోనులో పలుకరించుట కాపరికి మూడింతల పని. లింగంపల్లి రైలులో ఖాళీగా విడిచిన చోట్ల వంటిదే ఈ పని.

రెండవసారి తెలంగాణ ప్రభుత్వము మరింత క్రమముగా నడచినది. 2021 మే 12న లాక్‌డౌన్ విధించి ఉదయము ఆరు నుండి పది వరకు మాత్రమే వెసులుబాటు ఇచ్చినది. పెండ్లికి 40 మంది, అంత్యక్రియలకు 20 మంది. మే 31 నుండి మధ్యాహ్నము ఒంటిగంట వరకు, జూన్ 10 నుండి సాయంత్రము అయిదు వరకు సడలించినది. నిండిన జలాశయము గేట్లన్నియు ఒక్కసారి ఎత్తరని హిమాయత్‌నగర్ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1908 మూసీ వరద తరువాత, అటువంటి ఉపద్రవము మరల రాకుండ, ఈసీ నది మీద కట్టిన ఆ సాగరమునకు పదునేడు గేట్లున్నవి. 2020 అక్టోబరు వానలలో వాటిని నీటి రాకను చూచి ఎత్తిరి. 2021 జూన్ 19, శనివారమున మంత్రివర్గము కూడి లాక్‌డౌన్‌ను పూర్తిగా ఎత్తివేయుటకు నిర్ణయించినది. మాస్కు, భౌతిక దూరము మాత్రము తప్పనిసరి. మరునాడు ఆదివారము. ఆ రాత్రికి రాత్రే కాపరులు ఎందరిని రమ్మనవలెనో, చాపలు ఎంత ఎడముగా పరువవలెనో తేల్చుకొనవలసి వచ్చినది.