గార కాదమ్మా, బావినీళ్లు!

పెళ్లిచూపుల్లో పిల్ల నోరు విప్పి నవ్వకపోతే "ఎంత అణకువో!" అని మెచ్చుకుంటారు చూశారూ, మా డోన్ వైపు ఆ అణకువకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ముందుపండ్ల మీద పసుపు చారలో, గోధుమరంగు మచ్చలో ఉంటే, పాపం ఆ పిల్ల పెదవులు బిగబట్టుకుని కూర్చుంటుంది.

ఆ మచ్చలకు మా అవ్వల కాలంలో ఒకటే పేరు, గార. ఒకటే తీర్పు, బద్ధకం. "యాపపుల్లతో బాగా తోము పాపా, పోతాది" అనేవాళ్లు. వేపపుల్ల అయింది, ఉప్పు అయింది, కచ్చిక అయింది, బొగ్గుపొడి అయింది. చిగుళ్లు ఒరుసుకుపోయాయే గానీ మచ్చలు కదల్లేదు. ఎలా కదుల్తాయి? గార పంటిమీద పట్టేది. ఇది పంటితోపాటే పుట్టింది.

ఈ గుట్టు బయటపడిన కథ తమాషాగా ఉంటుంది. 1901లో మెకే అనే కుర్ర పంటి డాక్టరు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో కాపురం పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి ఇవే గోధుమరంగు పండ్లు! ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, తప్పంతా తాగే నీళ్లదేనని ఆయన అనుమానించాడు. ఆ నీళ్లలో ఏముందో తేలేసరికి 30 ఏళ్లు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాని పేరు చెప్పాడు, ఫ్లోరైడ్. విచిత్రమేమంటే ఆ మచ్చల పండ్లు అంత తొందరగా పుచ్చేవి కావట. ఉప్పులాంటిదన్నమాట. చిటికెడు మేలు, గుప్పెడు చేటు.

మనదాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన తోటి డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇదే జబ్బు కనిపెట్టి రాశారు. అక్కడ మచ్చలతో ఆగలేదు. ఏళ్లకేళ్లు ఆ నీళ్లే తాగినవాళ్లకు మెడ తిరగదు, నడుము నిలవదు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. మా కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలూ ఆ జాబితాలోకి ఎక్కాయి. మా రాతినేలల్లో వాన తక్కువ, బోరు లోతు. రాతిలోని ఫ్లోరైడ్ నెమ్మదిగా నీళ్లలో కరుగుతుంది. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, గత్యంతరం లేకపోతే ఒకటిన్నరదాకా పరవాలేదనీ మన ప్రభుత్వ ప్రమాణం.

చిగురు కింద పన్ను తయారయ్యేది ఎనిమిదేళ్లలోపే. ఆ వయసులో తాగిన నీళ్లే పంటిమీద రాత రాస్తాయి. పెద్దయ్యాక వచ్చి తాగే కోడలికి మచ్చలు రావు, ఆమె కన్న బిడ్డకు వస్తాయి. మనం ఎంతో నమ్మకంగా చేసే పనొకటుంది, నీళ్లు కాచి చల్లార్చడం. క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది కూడా. బావినీళ్లకన్నా పట్టి దాచిన వాననీళ్లు నయం.

నాగపూరులోని నీరీ శాస్త్రవేత్తలు 1970లలో ఒక ఉపాయం తెచ్చారు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు లెక్కప్రకారం కలిపి, తేర్చి, వడకట్టడం. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు నిలిచింది. బురదనీళ్లలో చిల్లగింజ అరగదీసిన మన అవ్వలకు ఇది కొత్తగా తోచదు!

వచ్చిన మచ్చలకు ఇప్పుడు వైద్యం ఉంది. లేతవైతే డాక్టరు పంటి పైపొరను సన్నగా రుద్ది మెరుగు పెడతాడు. ముదిరితే పంటిరంగు పూత. మరీ ముదిరితే పింగాణీ రేకు అతికిస్తారు, లేదా తొడుగు వేస్తారు. ఖర్చు తప్పదు. ఇంట్లో బొగ్గుతో గీకితే ఉన్న మెరుపూ పోతుంది.

కొత్త బోరు పడగానే నీళ్లు తియ్యగా ఉన్నాయా అని పుక్కిట పట్టి చూస్తాం. ఫ్లోరైడ్‌కు రుచీ లేదు, రంగూ లేదు. ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపడమే దారి. ఇంట్లో చంటిపిల్లలుంటే మరీనూ.