శ్రీహరికోట పాఠంలో లేనివాళ్ళు

చెన్నైలో ఉద్యోగం చేసే మనవాళ్ళలో చాలామందికి పులికాట్ అంటే చలికాలంలో ఓ ఆదివారం. తడ దాటి సూళ్ళూరుపేట వెళ్ళడం, నేలపట్టులో పక్షుల్ని ఫోటోలు తీసుకోవడం, అదృష్టం బాగుంటే రాకెట్ ఎగరడం చూడ్డం. (2022 నుంచి ఇదంతా తిరుపతి జిల్లా. అంతకుముందు నెల్లూరు.) మనం చదువుకున్న పుస్తకాల్లోనూ శ్రీహరికోట అంటే రాకెట్టే.

అంతరిక్ష కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నది 1969లో. తొలి రోహిణి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరులో. ఈ రెండు తేదీలూ క్విజ్ పుస్తకాల్లో ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో ఉండదు. ఆ అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ, సరస్సులో చేపలు పడుతూ తరతరాలుగా బతికిన యానాదులు అక్కణ్ణుంచి కదలాల్సి వచ్చింది. రాకెట్లు వద్దని నేననట్లేదండీ. పాఠంలో రాకెట్‌తో పాటు వాళ్ళకీ ఓ పేరా దొరకాలి కదా అంటున్నా.

అసలు యానాదుల గురించి ఎవరూ రాయలేదా అంటే, రాశారు. 1909లో థర్‌స్టన్ అచ్చేసిన దక్షిణ భారత కులాలూ తెగల ఏడు సంపుటాల్లో వాళ్ళ మీద పెద్ద వ్యాసమే ఉంది. నెల్లూరు జిల్లాలో వాళ్ళ కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో ఏకంగా ఓ పుస్తకం వేశారు. రెండూ ఇంగ్లీషులోనే. రెండూ వాళ్ళ గురించి పెద్దవాళ్ళు చదువుకోడానికి రాసినవి. యానాది పిల్ల బడిలో కూర్చుని చదువుకోడానికి రాసినవి కావు.

ఆ రెండో పని ఎలా ఉంటుందో మన దగ్గర ఒకాయన ఎప్పుడో చేసి చూపించారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం వాచకాలు, కథలు, పాటలు పుస్తకాలుగా తయారుచేశారు, బళ్ళు పెట్టించారు. వ్యవహారిక భాషోద్యమం ఆయనకి ఆ తర్వాతి పని. మనం ఆగస్టు 29న రెండోదాన్నే తలుచుకుని మొదటిదాన్ని మర్చిపోతుంటాం.

ఆ దారిలో ప్రభుత్వం గట్టిగా అడుగేసింది 2004 ప్రాంతంలో. సవర, కోయ, గోండి, కొలామి, బంజారా లాంటి 8 భాషల్లో ఒకటో తరగతి వాచకాలు వచ్చాయి. మంచి పని. కానీ అందులో యానాదులు లేరు. ఎందుకంటే వాళ్ళు మాట్లాడేది తెలుగే! సాఫ్ట్‌వేర్‌ని లోకలైజ్ చేసేటప్పుడు ‘తెలుగు’ అన్న పెట్టెలో టిక్ పెట్టి టికెట్ క్లోజ్ చేస్తామే, సరిగ్గా అలాగన్నమాట. భాష ఒకటే కాబట్టి పుస్తకంలో బతుకూ వాళ్ళదే అనుకున్నారు. 2011 లెక్కల్లో 5 లక్షలకి పైబడ్డ జనం వాళ్ళు.

ఇక్కడ ఇంకో చేదు విషయం ఉంది. నెల్లూరు, చిత్తూరు వైపు పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. స్నానం చెయ్యని పిల్లాణ్ణి, తల దువ్వుకోని పిల్లని తిట్టడానికి ఇళ్ళల్లో వాడే మాట ‘యానాది’. తన తెగ పేరు పుస్తకంలో ఒక్కసారి కూడా చూడని పిల్ల, దాన్ని పక్క బెంచీవాడి నోట తిట్టుగా మాత్రం వింటుంది. ఆ పిల్ల బడి మానేస్తే ‘వాళ్ళకి చదువు మీద ఆసక్తి లేదు’ అని తేల్చేస్తాం.

ఇది మన ఒక్కళ్ళ రోగం కాదు. 1965లో అమెరికాలో నాన్సీ లారిక్ అనే ఆవిడ, మూడేళ్ళలో వచ్చిన 5 వేలకి పైగా పిల్లల పుస్తకాలు లెక్కేస్తే, నల్లవాళ్ళు కనిపించినవి 6.7 శాతమే. ఆవిడ బాధ నల్లపిల్లల గురించే కాదు, ప్రపంచమంతా తమలాగే ఉంటుందనుకుని పెరిగే తెల్లపిల్లల గురించి కూడా. పక్క బెంచీవాడికీ ఇది వర్తిస్తుంది.

మరి ఏం చదివించాలి? చుట్టుపక్కలే బోలెడుంది. తిరుపతి పక్క మిట్టూరు నుంచి నామిని కతలు, కావలి నుంచి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. చిత్తూరు జిల్లా పల్లెలో ఐదో తరగతితో చదువు ఆగిపోయిన ఎండపల్లి భారతి, కూలి పనులు చేసుకుంటూనే ‘ఎదారి బతుకులు’ రాశారు. దీన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఇవన్నీ లోపలివాళ్ళు చెప్పిన కథలు. ఆకలితో ఉన్న గిరిజన బాలుడు, జాలిగల మేష్టారు టైపు పాఠాలైతే మాత్రం దయచేసి వద్దు, లేకపోవడమే నయం.

‘యాసలో పాఠాలు పెడితే పరీక్షలో ఏం రాస్తారు’ అని అడుగుతారు. ఈ ప్రశ్నకి వందేళ్ళు దాటాయి. 1910ల్లో స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో రాయొచ్చని ఇచ్చిన వెసులుబాటుని పండితులు గోలచేసి వెనక్కి తీయించారు. చివరికి గెలిచిందెవరో ఇవాళ్టి పేపరు తెరిస్తే తెలుస్తుంది.

2020-21 నుంచి ఆంధ్రాలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ‘మిర్రర్ ఇమేజ్’ పుస్తకాలు ఇస్తున్నారు. పేరు బావుంది, కానీ పులికాట్ ఒడ్డు పిల్ల ఆ అద్దంలో రెండు వైపులా కనపడదు. కొత్త వాచకం వచ్చేదాకా ఆగక్కర్లేదు, లైబ్రరీ పీరియడ్‌లో కథ చదవడానికి జీవో అవసరం లేదు. తడ, సూళ్ళూరుపేట బళ్ళల్లో యానాది పిల్లల్ని వాళ్ళ అవ్వల దగ్గర పాత శ్రీహరికోట కబుర్లు రాసుకు రమ్మంటే ఒక ఏడాదిలో ఓ చిన్న పుస్తకమౌతుంది. దీవి మీద పెరిగిన ఆ అవ్వలు ఇప్పటికే డెబ్భై దాటేసుంటారు.