రాతినార నుండి సిరామిక్ పూత వరకు: కారు పొగగొట్టాల ఉష్ణ నిరోధక చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కారు ఇంజను నుండి వెలువడే పొగ వేడి బానెట్ కింద వ్యాపించకుండా అడ్డుకోవడానికి గత నూరేళ్లలో పలు పదార్థాలు వాడుకలోకి వచ్చాయి. రాతినార, గాజునార, సిరామిక్ నార, లోహపు కవచాలు, సిరామిక్ పూతలు వాటిలో ముఖ్యమైనవి. ఈ క్రమాన్ని కేవలం సాంకేతిక ప్రగతిగా చెప్పుకోవడం పరిపాటి. ప్రతి నిరోధకమూ ఒకచోటి భారాన్ని తగ్గిస్తూ దానిని మరొకచోటికి మార్చిందనీ, రాతినార విషయంలో ఆ భారం మనుషుల ఊపిరితిత్తులపై పడిందనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనుల ద్వారా ఈ చరిత్రకు తెలుగు నేలతో ఉన్న సంబంధాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉష్ణ నిరోధకం, పొగగొట్టం, రాతినార, పులివెందుల, వృత్తి వ్యాధులు, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

పెట్రోలు ఇంజనులో ఇంధనం మండగా పుట్టే శక్తిలో సుమారు మూడోవంతు పొగతోపాటే బయటికి పోతుంది. ఇంజనుపై భారం ఎక్కువైనప్పుడు ఆ పొగ ఉష్ణోగ్రత 800 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పొగను సిలిండర్ల నుండి సేకరించే మానిఫోల్డ్, దానికి తగిలించిన గొట్టం ఈ వేడికి కాగి, చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలను, విద్యుత్తు తీగలను, ఇంధన నాళాలను దెబ్బతీస్తాయి. కార్బ్యురేటర్ల కాలంలో ఇంధనం నాళంలోనే ఆవిరై ఇంజను ఆగిపోవడం వేసవిలో తరచుగా ఎదురైన సమస్య.

వేడి వహనం, సంవహనం, వికిరణం అనే మూడు మార్గాల్లో ప్రయాణిస్తుంది. బాగా కాగిన గొట్టం విషయంలో వికిరణానిదే ప్రధాన పాత్ర. వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందని 1879లో యోసెఫ్ స్టెఫాన్ ప్రతిపాదించగా, 1884లో లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ దానికి సైద్ధాంతిక ఆధారం చూపాడు. ఈ సూత్రం ప్రకారం ఆదర్శ వికిరణ తలం 600 డిగ్రీల వద్ద చదరపు మీటరుకు సుమారు 33 కిలోవాట్లు వెదజల్లితే, 300 డిగ్రీల వద్ద సుమారు 6 కిలోవాట్లు మాత్రమే వెదజల్లుతుంది. గొట్టం పైతలం ఉష్ణోగ్రతను సగానికి తగ్గించగలిగితే వికిరణం అయిదోవంతు కన్నా తక్కువకు పడిపోతుంది. పొగగొట్టాల ఉష్ణ నిరోధక ప్రయత్నాలకు మూలసూత్రం ఇదే.

2. ఆవిరి యంత్రపు వారసత్వం

కార్లకు ముందే ఈ ఆలోచన ఆవిరి యంత్రాల్లో ఉంది. జేమ్స్ వాట్ 1769లో పొందిన పేటెంటులో, సిలిండరును లోపలికి వచ్చే ఆవిరంత వేడిగానే ఉంచాలనీ, అందుకోసం దాని చుట్టూ కొయ్యతోగాని, వేడిని నెమ్మదిగా ప్రసరింపజేసే మరో పదార్థంతోగాని తొడుగు వేయాలనీ పేర్కొన్నాడు. వాట్ ఉద్దేశం పొదుపు. లోపలి వేడి వృథా కాకూడదు, బొగ్గు ఆదా కావాలి. కారులో దృష్టి బయటి వైపుకు మళ్లింది. గొట్టంలోని వేడి చుట్టుపక్కల భాగాలకు తగలకూడదన్నది ఇక్కడి అవసరం. లక్ష్యాలు వేరైనా పద్ధతి ఒక్కటే కావడంతో, ఆవిరి బాయిలర్లకు చుట్టిన పదార్థాలే కార్లలోకీ వచ్చాయి.

3. బానెట్ కింద తగ్గిన జాగా

1886 నాటి కార్ల్ బెంజ్ మోటారు బండిలో ఇంజను వెనుక భాగాన ఆరుబయటే ఉండేది. గాలే దానికి రక్షణ. ఇంజను బానెట్ కిందికి చేరిన తరువాత కూడా చాలా కాలం చుట్టూ ఖాళీ జాగా మిగిలే ఉంది. భారతీయ రోడ్లపై దశాబ్దాలు నడిచిన అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవారికి ఇది అనుభవమే. ఆ ఖాళీయే ఒక నిరోధకం.

1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు ఇంజనును అడ్డంగా అమర్చి ముందు భాగాన్ని కుదించింది. ముందు చక్రాలను నడిపే అడ్డపు ఇంజను చిన్న కార్లలో క్రమంగా స్థిరపడింది. 1983 డిసెంబరులో భారతీయ మార్కెట్లోకి వచ్చిన మారుతి 800 కూడా ఆ కోవలోదే. 1962లో అమెరికాలో రెండు కార్లు టర్బోచార్జర్‌తో వెలువడ్డాయి. పొగతో తిరిగే ఈ పరికరం బానెట్ కింద మరో వేడి కేంద్రం. 1975 నమూనాల నుండి అమెరికన్ కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ల వాడకం విస్తరించింది. భారతదేశంలో 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి అయింది. కన్వర్టర్‌లోని ఉత్ప్రేరకం సుమారు 250 నుండి 300 డిగ్రీలకు కాగితేగాని సరిగా పనిచేయదు. అందువల్ల పొగలోని వేడిని గొట్టంలోనే నిలపవలసిన అవసరం ఏర్పడింది. వాట్ నాటి పాత లక్ష్యం రెండు శతాబ్దాల తరువాత ఈ రూపంలో తిరిగివచ్చింది.

4. రాతినార ప్రవేశం

తెలుగులో ‘రాతినార’ అనే మాట వస్తువు స్వభావాన్ని రెండు పదాల్లో పట్టిస్తుంది. ఇది రాతిలో పుట్టిన పోగు. నారలా వడకవచ్చు, బట్టగా నేయవచ్చు, అయినా నిప్పుకు మండదు. దీని గ్రీకు పేరు ‘ఆరనిది’ అనే అర్థాన్నిస్తుంది. 1870లలో కెనడాలోని క్యూబెక్‌లో పెద్ద నిక్షేపాలు బయటపడ్డాక ఇది చవకగా, విస్తారంగా లభించింది. కార్లలో పొగగొట్టాలకు చుట్టే పట్టీలుగా, సైలెన్సర్ పొరల మధ్య అట్టగా, మానిఫోల్డ్ గాస్కెట్లుగా, బ్రేకు, క్లచ్ లైనింగులుగా స్థానం సంపాదించుకుంది.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, వేంపల్లె డోలమైటు సున్నపురాతిలోకి డోలరైట్ చొచ్చుకువచ్చిన సరిహద్దుల వద్ద క్రైసోటైల్ రకపు రాతినార ఏర్పడింది. బ్రాహ్మణపల్లె పరిసరాల్లో దీనిని తవ్వి తీశారు. రాజస్థాన్‌లో దొరికే ట్రెమొలైట్ రకం కన్నా ఇది నేతకు, నిరోధకానికి మేలైన జాతి. దేశంలో రాతినార అధిక భాగం సిమెంటు రేకులకు, గొట్టాలకు ఖర్చయింది. వాహన రంగానికి ప్రధానంగా లైనింగులు, గాస్కెట్ల రూపంలో చేరింది.

5. భారం చేరిన చోటు

ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో రాతినార వడికే కర్మాగారంలో పనిచేసిన నెల్లీ కెర్షా 33 ఏళ్ల వయసులో 1924లో మరణించింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యుడు విలియం కుక్ అదే ఏడాది వైద్యపత్రికలో ఆ వివరాలు ప్రచురించాడు. 1930లో మెరివెదర్, ప్రైస్‌ల నివేదిక ఈ ధూళి ప్రమాదాన్ని ధ్రువపరచగా, 1931లో బ్రిటన్‌లో నియమాలు వెలువడ్డాయి. అవి ప్రధానంగా నార తయారుచేసే కర్మాగారాలకు పరిమితం. దానిని గొట్టాలకు చుట్టే కార్మికులు చాలావరకు వాటి పరిధిలోకి రాలేదు. ఆ విస్మృతి ఫలితం 1964లో ఇర్వింగ్ సెలికాఫ్ బృందం న్యూయార్క్ ప్రాంతంలోని 632 మంది ఉష్ణ నిరోధక కార్మికులపై ప్రకటించిన అధ్యయనంలో బయటపడింది. వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు సాధారణ అంచనాను బాగా మించాయి. 1977లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాతినారను క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది.

బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ 2005లో, ఒకనాడు ప్రపంచానికి సరఫరా చేసిన కెనడా 2018లో దీనిని నిషేధించాయి. భారత ప్రభుత్వం 1986 నుండి కొత్త గని లీజులను, 1993 నుండి పాత లీజుల పునరుద్ధరణను నిలిపివేసింది. కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పింది. వారి ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుండి 40 ఏళ్లు లేదా విరమణ తరువాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత వస్తే అప్పటివరకు భద్రపరచాలని ఆదేశించింది. ధూళి పీల్చిన దశాబ్దాల తరువాత వ్యాధి బయటపడుతుందన్న గుర్తింపు ఈ ఆదేశంలో ఉంది. తవ్వకం ఆగినా క్రైసోటైల్ దిగుమతి ఆగలేదు.

6. ప్రత్యామ్నాయాలు - వాటి పరిమితులు

నేడు పొగగొట్టాలకు గాజునార, బసాల్టు నార పట్టీలు చుడుతున్నారు. ఇవి బానెట్ కింది వేడిని తగ్గిస్తాయి. అయితే ఆ వేడి గొట్టపు లోహంలోనే నిలుస్తుంది. తేమ పట్టీలో చిక్కుకుంటే తుప్పు త్వరగా పడుతుంది, అతివేడికి లోహం పగుళ్లివ్వవచ్చు. మరింత వేడిని తట్టుకునే సిరామిక్ నారను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల వర్గంలో చేర్చింది. దీంతో శరీర ద్రవాల్లో త్వరగా కరిగే నారల వైపు పరిశ్రమ మళ్లింది.

నార అవసరం లేని మార్గాలూ ఉన్నాయి. ఎక్స్-15 రాకెట్ విమానపు నాళికకు వాడిన జిర్కోనియా పూత వంటి సిరామిక్ పూతలు పొగగొట్టాలకూ వచ్చాయి. 1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 కారు ఇంజను అరలో పరారుణ కిరణాలను వెనక్కి పంపేందుకు సుమారు 16 గ్రాముల బంగారు రేకు వాడారు. సామాన్య కార్లలో అదే పనిని గొట్టానికి కొద్ది దూరంలో బిగించిన పలుచని అల్యూమినియం లేదా ఉక్కు కవచం చేస్తుంది. రేకు వికిరణాన్ని తిప్పికొడుతుంది, రెంటి మధ్య గాలి పొర వహనాన్ని అడ్డుకుంటుంది. రెండు పొరల మధ్య ఖాళీ వదిలిన మానిఫోల్డ్‌లూ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మొదటిది, ఉష్ణ నిరోధకం వేడిని నశింపజేయదు, దాని దారిని మార్చుతుంది. కాబట్టి ఏ నిరోధకాన్నైనా అంచనా కట్టేటప్పుడు వేడి ఎక్కడ నిలుస్తుందో, అక్కడి పదార్థం దానిని భరించగలదో తెలుసుకోవాలి. రెండవది, రాతినార గుణాలను కొలిచిన పట్టికల్లో దానిని తవ్వినవారి, వడికినవారి, చుట్టినవారి ఆరోగ్యం చాలా కాలం చేరలేదు. తెలిసిన ప్రమాదానికీ, అమలైన రక్షణకూ మధ్య దశాబ్దాలు గడిచాయి. మూడవది, పులివెందుల గనుల్లో పనిచేసినవారి జ్ఞాపకాలు, ఆ వృత్తి పదజాలం, వారి వ్యాధుల చరిత్ర క్షేత్రపర్యటన ద్వారా సేకరించదగిన సామగ్రి. పాత వాహనాల బ్రేకులు, గాస్కెట్లు విప్పే మెకానిక్‌లకు ఆ దుమ్మును గాలితో ఊదరాదని తెలుగులో చెప్పగలిగే సాహిత్యం అందుబాటులోకి రావడం కూడా అంతే అవసరం. ‘రాతినార’ వంటి స్పష్టమైన మాట ఇదివరకే భాషలో ఉంది. దాని వెనుక ఉన్న మనుషుల చరిత్రను రాయవలసిన బాధ్యత పరిశోధకులది.