పరారుణ లేజర్ ఖాతాలో వేడి వాటా

అట్లాంటాలోని జార్జియా టెక్‌లో ముస్తఫా ఎల్-సయ్యద్ 2006లో సహచరులతో కలిసి బంగారు నానోకడ్డీల మీద సమీప పరారుణ లేజర్ వేసి, ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపి చూపించారు. లేజర్ చేసిందల్లా బంగారాన్ని వేడెక్కించడమే. లేజర్‌తో రసాయన చర్యలను అదుపు చేయాలన్న కోరిక పుట్టినప్పుడు మాత్రం వేడి ఎవరికీ అక్కర్లేదు. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను తయారుచేశారు. అణువులో ఒక్కో బంధానికీ ఒక్కో లయ ఉంటుంది కాబట్టి, ఆ లయకు తగిన కాంతి వేస్తే కోరిన బంధమే తెగుతుందని ఆశ. 1970ల నడుమ సోవియట్ శాస్త్రవేత్త లెతొఖోవ్ బృందం సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ ఐసోటోపులను వేరుచేయగలిగింది. నిజానికి అక్కడ లేజర్ ఎంచుకున్నది అణువును, బంధాన్ని కాదు. బంధంలో చేరిన శక్తి పికోసెకన్లలో అణువంతా పాకిపోతుంది. ఇలాంటి ఎంపిక అసలు సాధ్యమేనా అని అహ్మద్ జెవైల్ 1980లో ఫిజిక్స్ టుడేలో అడిగారు. 1990లో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం, అర్ధభారజల (HOD) అణువులో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాన్ని ఊపి, హైడ్రోజన్ పరమాణువు తగిలినప్పుడు ఆ బంధమే తెగేలా చేసింది. అయితే అది పలచటి వాయువు.

ఇదే పనిని నీటి ద్రావణంలో ముంచిన ఎలక్ట్రోడ్ మీద జరిగే చర్యల్లో చేయబోతే, అక్కడ ఈ పప్పులుడకవంటారు విమర్శకులు. చాలావరకు నిజమే. 3 మైక్రాన్ల కాంతిని నీరు సుమారు ఒక మైక్రాన్ లోతులోనే మింగేస్తుంది, నీటి బంధాల ఊపు పికోసెకన్ కూడా నిలవదు. ఎలక్ట్రోడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్ కిటికీకి దాదాపు ఆనించి నీటిపొరను పలచబరిచినా వేడి తప్పదు. కానీ ఆ వేడిని లెక్కగట్టడానికి ఎలక్ట్రోడ్ కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే ఉష్ణోగ్రత మారితే పొటెన్షియల్ కదులుతుంది. స్పెయిన్‌లోని అలికాంతేలో విక్టర్ క్లిమెంట్, హువాన్ ఫెలియు ప్లాటినం మీద నానోసెకన్ల ఆకుపచ్చ లేజర్‌తో ఆ కదలికనే కొలిచారు. ఎలక్ట్రోడ్ మీద పరారుణ లేజర్ వేసేవాళ్లు ఈ కొలతను అరువు తెచ్చుకోవాలి: బంధానికి సరిపడే తరంగదైర్ఘ్యం ఒకటి, సరిపడనిది ఒకటి తీసుకుని, రెండిట్లోనూ వేడి సమానంగా పుట్టేలా చూసి, కరెంటు చూడాలి. తేడా లేకపోతే ఆ పని వేడిదే.

వేడైతే మాత్రమేం, చర్య జోరందుకుంది కదా అనవచ్చు. ద్రావణాన్ని కదిలించకుండా ఉపరితలాన్నే క్షణకాలం కాచడమూ అదుపే, కాదనను. కానీ రాగి ఎలక్ట్రోడ్ మీద కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్ రావాలా, ఇథిలీన్ రావాలా అన్నది నిర్ణయించగలిగితేనే ఖరీదైన లేజర్‌కు అర్థం. ఉత్త జోరు కోసమైతే హీటరు చాలు.